వెనక మొగ్గు

బాలలూ! నేను 33 ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా పని విరమించినవాణ్ణి. ఆ 33 ఏళ్లలోనూ ఏటా తప్పకుండా చెప్పిన పాఠం ఒకటుంది. అది తులాదండం. అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా ఆ పాఠం గడగడా అప్పజెప్పగలను. అయినా రెండేళ్ల కిందట సరిగ్గా ఆ పాఠంలోనే నేను తప్పాను. పరీక్ష కాగితం మీద తప్పితే ఎర్రసిరాతో సున్నా చుట్టి ఊరుకుంటారు. నా తప్పు ఒక పిల్లవాడి ప్రాణం మీదికే వచ్చింది. ఆ సంగతి మీకూ, మీ అమ్మానాన్నలకూ చెబుతాను, వినండి.

మా ఊరు బెజవాడ నుంచి బందరు వెళ్లే దారిలో ఉయ్యూరు దాటాక వస్తుంది. నేను బెజవాడలో కాపురం ఉంటున్నాను. సేద్యమంతా మా తమ్ముడిదే. కృష్ణకు బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట కట్టారు. దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కణ్ణించి బయలుదేరిన కాలువలు చీలి, పిల్లకాలువలై, మా చేల దాకా వస్తాయి. నీరు ఎప్పుడూ పల్లానికే పారుతుంది గదా! అంచేత చేనికి నీరు పారాలంటే కాలువ చేనికన్నా మెరకన ఉండాలి. కాలువ గట్టు ఇంకా ఎత్తున ఉంటుంది. మా పక్క ఊళ్లకు పోయే బాటలు చాలా మటుకు ఆ గట్ల మీదనే ఉన్నాయి. ఇంతకూ చెప్పవచ్చేదేమంటే, చేలోంచి ఏ బరువు ఊళ్లోకి రావాలన్నా గట్టెక్కి రావలసిందే.

ఎండాకాలమైతే ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి ఎంత బరువైనా తెచ్చుకోవచ్చు. సార్వా రోజుల్లో డొంకంతా బురద. ట్రక్కు చక్రాలు ఇరుసు దాకా దిగబడతాయి. అప్పుడు నారు కట్టలూ, ఎరువు బస్తాలూ మనుషుల నెత్తిన మోయవలసిందే. మోసే మనుషులు దొరకడం ఏటికేడు కష్టమవుతున్నది.

ఒకనాడు భోజనాల దగ్గర మా తమ్ముడు, "అన్నయ్యా, గొర్రును తగిలించినట్టు ట్రాక్టరు వెనక ఒక ఇనపబల్ల తగిలించుకుంటే బావుండును. నాలుగు బస్తాలు దాని మీద వేసుకుని, లిఫ్టు ఎత్తి, బురదలోంచి తెచ్చుకోవచ్చు," అన్నాడు.

"దానికేం భాగ్యం? నేను చేసి ఇస్తాను," అన్నాను. పని విరమించిన మనిషికి ఎవరైనా పని చెబితే ఎంత సంతోషమో మీ తాతయ్యలను అడగండి.

మీలో చాలామంది ట్రాక్టరును వెనకనుంచి చూసే ఉంటారు. ఈసారి కాస్త పరీక్షగా చూడండి. కింద రెండు ఇనప చేతులు ఉంటాయి. వాటికి పైన, నడిమధ్యన, పొడుగు తగ్గించడానికీ పెంచడానికీ వీలైన మరొక చేయి ఉంటుంది. దాన్ని టాప్ లింకు అంటారు. గొర్రయినా, రోటావేటరైనా ఈ మూడింటికే తగిలిస్తారు. మూడే ఎందుకంటే, ముక్కాలి పీట ఎంత ఎగుడుదిగుడు నేల మీద వేసినా కదలకుండా నిలుస్తుంది గదా, ఇదీ అంతే.

కింది చేతులను పైకి లేపేది నూనె. చిన్న పంపు నూనెను ఒత్తి ఒక పెద్ద గొట్టంలోకి తోస్తుంది, ఆ గొట్టంలోని దిమ్మె జరిగి చేతులను ఎత్తుతుంది. సూదులు తీసేసిన రెండు ఇంజెక్షను సిరంజిలు, ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ తీసుకుని, నీళ్లు నింపి, సన్నని గొట్టంతో కలిపి చూడండి. చిన్నదాన్ని వేలితో నొక్కితే పెద్దది మీ పుస్తకాల దొంతరను కూడా లేపుతుంది. ఇది 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పిన సూత్రం. మా ట్రాక్టరు ఈ విధంగా వెయ్యి కిలోలకు పైగా ఎత్తగలదు. ఈ మాట గుర్తుంచుకోండి, నన్ను తప్పుదారి పట్టించింది ఇదే.

నేను కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. బల్ల వెడల్పు మీటరున్నర, వెనక్కు పొడుగు మీటరున్నర. చుట్టూ 50 మిల్లీమీటర్ల యాంగిలర్, దాని మీద నాలుగు అడ్డకమ్మీలు. ముందు అంచున కింది చేతులకు రెండు పిన్నులు, సుమారు 68 సెంటీమీటర్ల ఎడంగా. వాటికి 46 సెంటీమీటర్ల పైన టాప్ లింకుకు ఒక పిన్ను, దాన్ని నిలబెట్టడానికి రెండు గుంజలు. యాంగిలర్ 6 మిల్లీమీటర్ల మందానిది. మీటరు నాలుగున్నర కిలోలు తూగుతుంది. అన్నీ కలిపి బల్ల 70 కిలోలయింది. ఇనుము బెజవాడలో కొని, మా ఊరి పక్కన వెల్డింగు షాపులో దగ్గరుండి అతికించాను.

సార్వా నాట్లకు దాన్ని తగిలించారు. నారు కట్టలు నిండా పేర్చి, బురదలోంచి ట్రాక్టరు హాయిగా వచ్చేసింది. తరవాత 45 కిలోల యూరియా బస్తాలు నాలుగేసి మోసింది. ఊళ్లో వాళ్లు వచ్చి చూసి, కొలతలు రాసుకుపోయారు. "ఎంతైనా మాస్టారు గదా, లెక్క కట్టి చేశారు," అన్నారు. నిజం చెప్పాలంటే నేను లెక్క కట్టలేదు. బొమ్మ గీశాను, అంతే. అయినా ఆ మాట కాదనలేదు.

నవంబరు నెలాఖరున కోతలు మొదలయ్యాయి. మిషను వచ్చి కోసి, ధాన్యం బస్తాలకెత్తి చేలోనే నిలబెట్టారు. ఆ మధ్యాహ్నం సముద్రంలో వాయుగుండం ఉన్నదనీ, వాన తప్పదనీ కబురు వచ్చింది. ఆకాశం తూర్పున నల్లబడుతున్నది. ధాన్యం బస్తా 75 కిలోలు. తడిస్తే మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, కొనేవాడు ఉండడు. ఆరు నెలల కష్టం చేలో నిలబడి ఉన్నది.

నాలుగేసి బస్తాల చొప్పున అయితే చీకటి పడినా పని తెమలదు. "ఎనిమిదేసి వెయ్యండిరా! లిఫ్టు వెయ్యి కిలోలు ఎత్తుతుంది, ఇవి ఆరువందలేగా!" అన్నాను. వేశారు. మా తమ్ముడి కొడుకు ట్రాక్టరు ఎక్కాడు. లిఫ్టు అవలీలగా ఎత్తింది.

మా తమ్ముడి మనవడు తొమ్మిదేళ్లవాడు, చేలోనే తిరుగుతున్నాడు. "పెద్దతాతయ్యా, నన్ను బస్తాల మీద కూచోబెట్టవూ!" అని చెయ్యి పట్టుకున్నాడు. నేనే వాణ్ణి ఎత్తి, చివరి బస్తా మీద కూచోబెట్టాను. గట్టు దాకా పోయి దిగుతాడు, సరదా పడుతున్నాడు, ఏమవుతుంది అనుకున్నాను.

అంతలో మా మరదలు మజ్జిగ బిందెతో వచ్చింది. ట్రాక్టరు ముందునుంచి నడిచి వస్తూ ఒక్క క్షణం ఆగి, చక్రాల వైపు చూసింది. "బావగారూ, పిల్లవాణ్ణి దించండి. బండి వెనక మొగ్గుగా ఉంది," అన్నది.

"ఏం ఫరవాలేదమ్మా, లెక్క చూసే వేశాం," అన్నాను.

ఆమె నాతో వాదించలేదు. బావగారితో ఎలా వాదిస్తుంది? మనవడి వైపు తిరిగి, "దిగుతావా, బెత్తం పుచ్చుకోనా?" అన్నది. వాడు మొహం ముడుచుకుని దిగాడు.

ట్రాక్టరు డొంక దాటి గట్టు ఏటవాలు ఎక్కసాగింది. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు జానెడు లేచాయి. చూస్తూ ఉండగానే మోకాలెత్తు లేచాయి. మా అబ్బాయి స్టీరింగు తిప్పుతున్నాడు. చక్రాలు గాలిలో అటూ ఇటూ తిరుగుతున్నాయి, బండి మాత్రం తిరగడం లేదు. కుడిపక్క కాలువ. ఎవరికీ నోట మాట రాలేదు. వాడు బ్రేకు తొక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. వాడు క్లచ్చి నొక్కి, లిఫ్టు లివరు కిందికి తోశాడు. బల్ల వెనక అంచు నేలలో గుచ్చుకుని ఆగింది. ముందు చక్రాలు దభీమని కింద పడ్డాయి. ఆ కుదుపుకు మూడు బస్తాలు వెనక్కి దొర్లాయి. మొదట పడినది చివరి బస్తా, దాని మీద మిగిలిన రెండూ పడ్డాయి. ఒకటి పగిలి ధాన్యమంతా బురదపాలయింది.

అందరం ఆ చివరి బస్తా వైపే చూశాం. మా మరదలు మనవణ్ణి కొంగు చాటుకు లాక్కున్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బావుండేది.

మిగిలిన బస్తాలు మనుషులే మోశారు. నేనూ ఒక కొస పట్టాను. కొన్ని తడిశాయి.

రాత్రి అన్నం సయించలేదు. మా మరదలిని పిలిచి, "నీకు ఎలా తెలిసిందమ్మా?" అని అడిగాను. ఆమె పుట్టింట ఎడ్లబండ్లు ఉండేవి. "బండికి బస్తాలు వేసేటప్పుడు మా నాన్న కాడి మీద చెయ్యి పెట్టి చూసేవాడండీ. బరువు ముందుకైతే ఎద్దుల మెడల మీద పడుతుంది. వెనక్కైతే కాడి లేచి, పలుపులు మెడలకు ఉరి పోసుకుంటాయి. ఇరుసుకు కొంచెం ముందుకు మొగ్గు ఉంచాలి. ఇవాళ ట్రాక్టరు ముందు టైర్లు చూస్తే ఎప్పటిలా నేలకు నొక్కుకుని లేవు, గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి," అన్నది.

చూశారా! లిఫ్టు ఎంత ఎత్తగలదో నేను చూశాను. ముందు చక్రాలను ఎవరు నేల మీద పట్టి ఉంచుతారో చూడలేదు. ట్రాక్టరు ఒక పెద్ద ఊగుడుబల్ల అనుకోండి. వెనక ఇరుసు దాని ఆధారం. ముందు చక్రాల మీది బరువు ఒక పక్క, బస్తాలు రెండో పక్క. ఊగుడుబల్ల మీద ఎంత బరువున్నవాడు కూర్చున్నాడన్నది ఒక్కటే కాదు, మధ్యనుంచి ఎంత దూరాన కూర్చున్నాడన్నదీ ముఖ్యమే. బరువునూ దూరాన్నీ గుణిస్తే వచ్చేదే అసలు బలం.

మర్నాడు వాన తెరిపి ఇవ్వగానే ట్రాక్టరును రైసుమిల్లు కాటా దగ్గరికి తీసుకుపోయాం. బండి మొత్తం ఎక్కిస్తే 1,800 కిలోలు. ముందు చక్రాలు మాత్రం ఎక్కిస్తే 700. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 1.9 మీటర్లు. 700ను 1.9తో గుణిస్తే 1,330. ఇది బండిని నేలకు పట్టి ఉంచే బలం. ఇక వెనక: బస్తాలు 600, బల్ల 70, మొత్తం 670 కిలోలు. పిన్నులు ఇరుసుకు 85 సెంటీమీటర్లు వెనక ఉన్నాయి. బల్ల నడిమి భాగం అక్కడికి మరో 75 వెనక. అంటే 1.6 మీటర్లు. 670ని 1.6తో గుణిస్తే 1,072. ఈ రెండింటికీ తేడా 258. దాన్ని 1.9తో భాగిస్తే ముందు చక్రాలకు మిగిలేది 136 కిలోలు! లెక్క నిజమో కాదో చూద్దామని ఎనిమిది బస్తాలూ వేసి, ముందు చక్రాలు కాటా మీద పెట్టించాను. 140 చూపించింది. ఏడువందల కిలోలతో నేలను తొక్కవలసిన చక్రాలు ఇద్దరు మనుషుల బరువుతో తొక్కుతున్నాయన్నమాట.

అది చదునైన నేల మీది మాట. ఏటవాలు ఎక్కేటప్పుడు బండి గరిమనాభి వెనక ఇరుసు వైపుకు జరుగుతుంది, బస్తాలు ఇంకా వెనక్కు పోతాయి. ఆ 136 కిలోలూ అక్కడ ఏమయ్యాయో మీరే ఊహించుకోండి. నారు కట్టలతోనూ, యూరియాతోనూ ఏమీ కాకపోవడం వల్ల నాకు బల్ల మంచిదనిపించింది. తప్పు మొదటినుంచీ దానిలోనే ఉంది. తగిన బరువు పడేదాకా బయటపడలేదు.

మీరు ఒక స్కేలును పెన్సిలు మీద అడ్డంగా పెట్టి, ఒక పక్క దగ్గరగా నాలుగు రూపాయి బిళ్లలు, రెండో పక్క దూరంగా ఒక బిళ్ల పెట్టి చూడండి. పది నిమిషాల పని. నేను అదైనా చేసి ఉండవలసింది.

ఇంకొక విచిత్రం వినండి. ఈ మూడు చేతుల ఏర్పాటు కనిపెట్టినవాడు హారీ ఫెర్గూసన్. 1884లో ఐర్లండులో పుట్టాడు. 1909లో తన విమానం తానే కట్టుకుని ఎగిరిన ఘటికుడు. అప్పటి ట్రాక్టర్లకు నాగలిని గొలుసుతో కట్టి ఈడ్చేవాళ్లు. నాగలి రాతికో వేరుకో తగిలి ఆగిపోతే, ట్రాక్టరు ముందు భాగం లేచి వెనక్కి తిరగబడి, నడిపేవాడి మీద పడేది. అలా ఎందరో చనిపోయారు. ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల బిగించాడు. నేలలో నాగలికి అడ్డు తగిలినప్పుడు టాప్ లింకు ముందుకు తోసి, ముందు చక్రాలను నేలకు అదుముతుంది. 1938లో ఆయన అమెరికాలో హెన్రీ ఫోర్డుతో చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నాడు. ఆ ట్రాక్టరు 1939లో వచ్చింది. ఆయన పేరుగల ట్రాక్టర్లు మన చేలల్లోనూ కనిపిస్తాయి.

అంటే ముందు చక్రాలు లేవకుండా కనిపెట్టిన దానికే నేను బల్ల తగిలించి, ముందు చక్రాలు లేపాను! నాగలి నేలలో దిగితే టాప్ లింకు తోస్తుంది. నా బల్ల గాలిలో వేలాడుతూ అదే టాప్ లింకును వెనక్కి లాగింది. తగిలించిన చోటు ఒకటే అయినా పని పూర్తిగా తిరగబడింది.

బల్లను ఆటోలో వేసుకుని బెజవాడ ఆటోనగర్ తీసుకుపోయాను. అక్కడ లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఒకటి నా పాత శిష్యుడిది. బళ్లో ఉన్నప్పుడు పదో తరగతి సైన్సులో రెండుసార్లు తప్పాడు. వాళ్ల నాన్నను పిలిపించి, "వీడికి చదువు రాదు, ఏదైనా పనిలో పెట్టండి," అని చెప్పినది నేనే.

అతను బల్లను నేల మీద పెట్టించి, చుట్టూ ఒకసారి తిరిగాడు. గుంజ అడుగున అతుకు మీద గోటితో గీశాడు. తరవాత బల్ల ముందు భాగాన్ని ఇద్దరు కుర్రాళ్ల చేత పట్టించి, తాను వెనక అంచు మీద నిలబడ్డాడు. కుర్రాళ్లు ఆపలేకపోయారు. మెల్లగా ముందుకు నడిచి పిన్నుల దగ్గర నిలబడ్డాడు. వాళ్లు నవ్వుతూ పట్టుకున్నారు.

"మాస్టారూ, తలుపును బందుల దగ్గర తోస్తే రాదు, అంచున తోస్తే వస్తుందని మీరే చెప్పారుగా," అన్నాడు.

"నీకు గుర్తుందా?" అన్నాను.

"పాఠం అర్థమయ్యేదండీ. రాయడమే వచ్చేది కాదు," అన్నాడు. ఆ మాట నిష్ఠూరంగా కూడా అనలేదు, ఇనుము కొలుస్తూ అన్నాడు. నాకు జవాబు తోచలేదు. కుర్రవాడు టీ తెచ్చిపెడితే తాగుతూ కూర్చున్నాను. ఇంకెంతమంది నాన్నలను అలా పిలిపించానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నానంటే సరిగ్గా ఉంటుంది.

అతను బల్లను వెనకనుంచి కోసి, పొడుగు 90 సెంటీమీటర్లకు తగ్గించాడు. గుంజల అడుగున, అతుకు ఒక్కదాని మీదే బరువు పడకుండా ముక్కోణపు రేకులు వేశాడు. వెనకా పక్కలా బస్తాలు దొర్లకుండా అడుగెత్తు కమ్మీలు పెట్టాడు. పిన్నులు ఊడిపోకుండా కొక్కేల పిన్నులు తగిలించాడు. ట్రాక్టరు ముందు భాగానికి బిగించేందుకు 80 కిలోల ఇనప దిమ్మెలు ఇచ్చాడు. "నాలుగు బస్తాలకు మించి వద్దు మాస్టారూ. గట్టెక్కేటప్పుడు బల్లను నేలకు ఒక అడుగు ఎత్తులోనే ఉంచమనండి," అన్నాడు. కూలి డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఇనుము ఖరీదు మాత్రం నేను పట్టుబట్టి ఇచ్చాను.

ఈసారి ముందే లెక్క కట్టాను. బల్ల 50 కిలోలు, బస్తాలు 300, మొత్తం 350. దూరం 1.3 మీటర్లు. గుణిస్తే 455. దిమ్మెలు లేకుండానే ముందు చక్రాలకు 460 కిలోలు మిగులుతున్నది. దిమ్మెలు ముందు ఇరుసుకు అర మీటరు ముందు ఉన్నాయి గనక, వాటితో కలిపి ఎంతవుతుందో మీరు కట్టి చూడండి. 560 దరిదాపుల్లో వస్తే సరి. నేను కాటా మీద కూడా పెట్టించి చూశాను. మా మరదలు కాటా చీటీ చూడలేదు. ముందు టైర్లకేసి చూసి, తల ఊపింది.

బల్లకు ఎర్రరంగు వేశాక, దాని మీద తెల్లరంగుతో రాసే పని మనవడు తీసుకున్నాడు. "4 బస్తాలు" అని ఒక వరసా, "మనుషులు ఎకరాదు" అని దాని కింద ఇంకొక వరసా రాశాడు. క కింద ఒత్తు మరిచిపోయాడు. దిద్దుదామని కుంచె చేతిలోకి తీసుకున్నాను గాని, మళ్లీ డబ్బాలో పెట్టేశాను.

కిందటి కోతలకు మళ్లీ మబ్బు పట్టింది. మా అబ్బాయి, "పెదనాన్నా, ఒక్క బస్తా ఎక్కువ వేద్దామా? చినుకులు పడుతున్నాయి," అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా వాళ్లమ్మ మజ్జిగ బిందె కింద పెట్టి, ఆ తెల్ల అక్షరాల మీద వేలు పెట్టి చూపింది. నాలుగు బస్తాలతోనే గట్టెక్కారు.